పెంకుటిల్లు ఉంచాలా, స్లాబు వేయాలా?

బరంపురంలో మా వీధి ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ముందు అరుగు, తర్వాత నడవ, మగ్గం గుంట ఉన్న పెద్ద గది, వెనక వంటిల్లు, పెరడు. వెడల్పు తక్కువ, పొడవు మాత్రం వీధి నుంచి దొడ్డిదాకా. పక్కింటికీ మనకీ గోడ ఒకటే. 1936లో మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చినా, ఇళ్ల తీరు మారలేదు. ఇప్పుడు మారుతోంది. "ఏటి చిన్నాన్నా, మీరూ పడగొడతారా?" అని వీధిలో పిల్లలు కూడా అడుగుతున్నారు.

పెంకుటిల్లుతో అసలు బాధ ఏటేటా కప్పు నేత. వానలకు ముందు పెంకు సర్దించాలి, కోతులు తొక్కినవి మార్చాలి. ఆ పని తెలిసినవాళ్లు తగ్గిపోయారు. కానీ మే నెలలో కరెంటు పోయిన రాత్రి మా నడవలో పడుకుంటే తేడా తెలుస్తుంది. పెంకు సందుల్లోంచి వేడి పైకి పోతుంది. స్లాబు పగలంతా తాగిన ఎండని రాత్రి మన మీదకే వదులుతుంది.

అయితే స్లాబుని తీసిపారేయలేను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. మా పెంకులు ఎగిరిపోతుంటే పిల్లల్ని ఎత్తుకుని ఎదురింటి స్లాబు గదిలోకి పరిగెత్తాం. తెల్లారి చూస్తే దూలాలు, వాసాలు నిలబడే ఉన్నాయి. పెంకు తెచ్చి మళ్లీ కప్పుకున్నాం. ఇల్లు బతికింది నిజమే, మమ్మల్ని కాపాడింది మాత్రం స్లాబే.

రేపు కొడుకు పెళ్లయితే మేడ వేద్దామని పైన చువ్వలు వదిలేస్తారు చూడండి, అదొక్కటి చేయకండి. సముద్రం దగ్గర్లోనే ఉంది. ఉప్పు గాలికి చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. వదలక తప్పకపోతే సిమెంటు పాలు పూసి కప్పి ఉంచండి.

మేం రెండూ కలిపాం. వెనక వంటిల్లు, బాత్రూం మీద స్లాబు, ముందు సగం పెంకు. తుపానుకి ఒక గట్టి గది దొరికింది, మగ్గం ఉన్నచోటే ఉంది. పట్టు నేసే ఇంటికి నా ఓటు దీనికే. రెండు కప్పులూ కలిసేచోట రేకు తూము సరిగ్గా పెట్టకపోతే మాత్రం గోడంతా తడిసిపోతుంది.

మేం చేసిన తప్పు ఒకటి చెప్తాను. పాత సున్నం గోడ మీద మేస్త్రీ మాట విని సిమెంటు పూత వేయించాం. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక రెండు వానాకాలాలకే పూత అప్పడాల్లా ఊడి పడింది. సున్నం గోడకి సున్నమే పూయాలి.

ఇక మీ ఇంటి సంగతి తేల్చుకోవాలంటే, దూలం గోడలో దూరేచోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. చెద ముందు పట్టేది అక్కడే. టక్కున ఆగితే ఆ కప్పు ఉంచుకోండి. పిడిదాకా దిగిపోతే ఈ వానలు రాకముందే దింపించేయండి. ఉమ్మడి గోడ మీద చెయ్యి వేసేముందు పక్కింటివాళ్లతో కూర్చుని మాట్లాడండి, వాళ్ల దూలం కూడా ఆ గోడలోనే ఉంటుంది.