అటకెక్కించాకే పనిచేసిన యాంటెనా

డిజిటల్ రేడియో కోసం నేను కొన్న ఈ యాంటెనా మీద నాకున్న మోజంతా ఒక్క విషయం వల్లనే. అది నిలువుగా నిలబడుతుంది. బ్రిటన్‌లో డిజిటల్ రేడియో ప్రసారాలు, అంటే డీఏబీ, నిలువు ధ్రువణంలో, అంటే తరంగం పైకీ కిందికీ ఊగేలా, వస్తాయి కనుక, అడ్డంగా పడుకోబెట్టిన టీవీ యాంటెనా ఎంత ఖరీదైనదైనా వీటికి అంతగా అక్కరకు రాదు. పైగా దాన్ని వేరే పౌనఃపున్యాల కోసం తయారుచేస్తారు. బీబీసీ జాతీయ కేంద్రాలు వచ్చే 12బి అనే పౌనఃపున్యాల బ్లాకు 225.648 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ తరంగం పొడవు సుమారు 133 సెంటీమీటర్లు, అందులో సగానికి కాస్త తక్కువ పొడవుండే ఫోల్డెడ్ డైపోల్, అంటే కొసలు మడిచి కలిపిన లోహపు కడ్డీ యాంటెనా, నేను కొన్నది. ఆంప్లిఫయర్ లేదు, అడాప్టర్ లేదు, పాడవడానికి అందులో ఏమీ లేదు.

ఇంగ్లాండులోని రీడింగ్ ఊళ్ళో మేముంటున్నది కొత్త కట్టడం. చలి రాకుండా గోడల్లో అల్యూమినియం పొర ఉన్న పలకలు పెట్టారు, కిటికీ అద్దాలకు లోహపు పూత వేశారు. వేడిని బయటికి పోనివ్వని ఆ ఏర్పాటే రేడియో తరంగాలను లోపలికి రానివ్వదు. ఎఫ్ఎం అయితే గరగరలాడుతూనైనా మాట అందేది. డీఏబీలో సిగ్నల్ ఒక హద్దు దాటి పడిపోయిందంటే మాట ఉడికే గంజిలా బుడబుడలాడి, ఆ తరువాత పూర్తిగా ఆగిపోతుంది. ఫోనులో వినవచ్చు కదా అని మా ఆవిడ అంటుంది, కానీ ఇంటర్నెట్‌లో క్రికెట్ వ్యాఖ్యానం ఎంత ఆలస్యంగా వస్తుందంటే, వికెట్ పడిన సంగతి హైదరాబాదు నుంచి మా తమ్ముడి వాట్సాప్ సందేశంలోనే ముందు తెలుస్తుంది.

అటక పైకప్పు పెంకుల కింద రేకు పొర లేకపోవడం మా అదృష్టం. యాంటెనాను అక్కడ ఒక దూలానికి బిగించి వంటింటి రేడియోకు కేబుల్ దించాక, 2025 ఆగస్టు 4న ఓవల్ టెస్టు చివరి ఉదయం ఇంగ్లాండుకు 35 పరుగులు, మనకు నాలుగు వికెట్లు కావలసిన దశ నుంచి, మన సిరాజ్ యార్కర్‌తో అట్కిన్సన్‌ను బౌల్డ్ చేసి 6 పరుగుల తేడాతో గెలిపించేదాకా ఒక్క మాట కూడా తెగకుండా విన్నాను. తమ్ముడికి ఈసారి నేనే ముందు సందేశం పెట్టాను.

ఆ చలికాలంలో వంటింటి అలమారాలు మార్పించాం. అప్పటినుంచి పగలు బాగానే మోగే రేడియో సాయంత్రమయ్యేసరికి మళ్ళీ బుడబుడలాడసాగింది. వానకు పెంకులు తడవడం వల్లనేమో అనుకుంటే, పొడిగా ఉన్న రోజుల్లోనూ అదే వరస. చివరికి రేడియో తెర మీద సిగ్నల్ నాణ్యత గీతను పెట్టుకుని, ఇంట్లో ఒక్కొక్క స్విచ్చే ఆర్పుతూ వచ్చాను. అలమారాల కింది ఎల్ఈడీ పట్టీని ఆర్పగానే గీత అమాంతం పైకి లేచింది, వెయ్యగానే కూలింది. ఆ పట్టీ అడాప్టర్ వెదజల్లే రొద సరిగ్గా ఈ పౌనఃపున్యాల్లోనే పడుతోంది. అలమారాలు బిగించిన మనిషి యాంటెనా కేబుల్‌ను పట్టీ తీగతో కలిపి ఒకే గొట్టంలో పంపాడు. జల్లెడలాంటి కవచం ఉన్న ఆ సన్నని కేబుల్ తీసేసి, శాటిలైట్ టీవీకి వాడే రెండు పొరల కవచమున్న కేబుల్‌ను వేరే దారిన లాగించి, అడాప్టర్ తీగకు రొదను అణిచే ఫెరైట్ దిమ్మలు తగిలించాను. బీబీసీ కేంద్రాలు నిలకడగా వస్తున్నాయి. బలహీనంగా అందే స్థానిక కేంద్రాలు మాత్రం పట్టీ వెలుగుతున్నంతసేపూ ఇప్పటికీ తడబడుతూనే ఉంటాయి. పాడవడానికేమీ లేదన్న మాట డైపోల్ వరకే నిజం.

ఒకే కార్యక్రమాన్ని అనేక ట్రాన్స్‌మిటర్లు ఒకే పౌనఃపున్యంపై పంపే పద్ధతి కాబట్టి, చుట్టూ అన్ని దిక్కులనుంచీ అందుకునే ఈ నిలువు డైపోల్ మా ఊళ్ళో చాలింది. ట్రాన్స్‌మిటర్లకు దూరంగా కొండల మధ్య ఉండేవారికి ఒకే దిక్కుకు గురిపెట్టే పెద్ద యాంటెనా అవసరం కావచ్చు. మీ రేడియోకు యాంటెనా సాకెట్ ఉందో లేదో ముందే చూసుకోండి, చేతిలో పట్టుకుపోయే రేడియోలు చాలావాటికి ఉండదు. అద్దె ఫ్లాటులో ఉంటూ గోడకు చిల్లు పెట్టే వీలులేనివారు మాత్రం దీన్ని కొనేముందు, రేడియోను కిటికీ గట్టు మీద పెట్టి, దాని కడ్డీని 33 సెంటీమీటర్ల వరకు లాగి నిలువుగా నిలబెట్టి చూడటం మేలు.