రచయిత–నిర్మాత శిక్షణ పేరుతో కథలు తీసుకుంటున్నారు, ఫీజు కట్టేముందు ఇది చదవండి

"రచయితగా రండి, నిర్మాతగా ఎదగండి" అని ఆన్‌లైన్ శిక్షణ ఇస్తున్న సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు కానీ, ఫోన్ తెరిస్తే ఆ ప్రకటనే ఎదురవుతోంది కాబట్టి ఎవరి గురించి చెబుతున్నానో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. ఫీజు 65,000 రూపాయలు, వారాంతాల్లో తరగతులు, చివర్లో నిర్మాణ సంస్థల ముందు కథ వినిపించే అవకాశం. నేనూ ఆ ఫీజు కట్టి చేరాను, డబ్బు పోయిందన్న బాధ లేకపోలేదు. అయితే ఈ హెచ్చరిక డబ్బు గురించి కాదు, నా కథ గురించి.

నిన్న సాయంత్రం ఒక నిర్మాణ సంస్థలో పనిచేసే స్నేహితురాలు, తమ ఆఫీసుకు వచ్చిన ఒక పిచ్ డెక్ (నిర్మాతలకు కథను పరిచయం చేసే స్లైడ్లు) చూపించి, "ఇది నువ్వు నాకు చెప్పిన కథ కాదూ?" అని అడిగింది. నేను రాసిన వెబ్ సిరీస్ తొలి ఎపిసోడ్ తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో తెల్లవారుజామున మొదలవుతుంది. లారీ నుంచి దిగిన బస్తాల్లో తడిసినవాటిని చేత్తో నొక్కి చూసి పక్కన పెట్టించే ముఠా మేస్త్రి కూతురు, తూకం చీటీ మీద అంకె దిద్దిన గుమస్తాను అందరి ముందూ నిలదీస్తుంది. ఆ డెక్‌లో అమ్మాయి పేరు మార్చారు, ఊరిని కర్నూలు చేశారు. మిగిలినదంతా, గుమస్తా జేబులో నేను పెట్టిన రెండు రంగుల పెన్నుతో సహా, రాసింది రాసినట్లే ఉంది. "కథ, క్రియేటివ్ ప్రొడ్యూసర్" అన్న చోట మాకు పాఠాలు చెప్పిన పెద్దమనిషి పేరుంది.

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. తరగతిలో ప్రతి ఒక్కరినీ "మీరు" అని మన్నించిన మనిషి, నేను విషయం చెప్పడం పూర్తి కాకముందే "చూడమ్మా, ఐడియా ఎవరికైనా వస్తుంది, ఐడియాకు కాపీరైట్ ఉండదని కోర్టులే చెప్పాయి, పైగా నువ్వు సంతకం పెట్టావు" అన్నారు. మరి ఆ పెన్ను సంగతేమిటని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పరిశ్రమలో నిలబడాలనుకుంటే ఇలాంటివి పైకి అనకూడదు, ఎవరూ పని ఇవ్వరు" అని ఫోన్ పెట్టేశారు. కథ తీసుకున్నదానికన్నా ఈ మాట నన్ను ఎక్కువగా కోసింది, ఎందుకంటే ఇది సలహా కాదు, బెదిరింపు.

ఆయన చెప్పినదాంట్లో సగమే నిజం. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఆలోచనకూ ఇతివృత్తానికీ కాపీరైట్ ఉండదని చెప్పిన మాట వాస్తవమే. అయితే ఒకరు ఆ ఆలోచనను మలచిన తీరును, సన్నివేశాలను అమర్చిన పద్ధతిని గణనీయంగా అనుకరిస్తే అది ఉల్లంఘనేనని కూడా ఆ తీర్పే చెప్పింది. మార్కెట్‌లో ఎదురు తిరిగిన అమ్మాయి అన్నది ఆలోచన కావచ్చు. ఆ చీటీ, ఆ పెన్ను, ఆ నిలదీతలోని మాటల వరుస మాత్రం నా రచన.

ఇక సంతకం సంగతి. శిక్షణ కాలంలో సమర్పించిన రచనలన్నిటిపైనా సంస్థకు శాశ్వత హక్కులుంటాయన్న వాక్యం ఒప్పందంలో ఉంది. దాని గురించి మొదటి తరగతిలోనే అడిగితే, అది తరగతుల వీడియోలు దాచుకోవడానికి పెట్టిన నిబంధన మాత్రమేనని అందరి ముందూ చెప్పారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ప్రతిఫలం ఎంత అన్నవి ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద రచయితకే ఉంటుంది. సినిమాలో చేరిన రచనను థియేటర్ బయట వాడుకుంటే వచ్చే రాయల్టీలో సమాన వాటాను వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదని 2012 సవరణ చెబుతోంది. ఇవేవీ ఆ పాఠాల్లో లేవు.

నిర్మాణం గురించైనా నేర్పారా అంటే అదీ లేదు. తెనాలి నుంచి వచ్చి, శరత్ నవలలను బెంగాలీ నుంచి తెలుగు చేసి, సినిమాలకు మాటలు రాసి, బి. నాగిరెడ్డి గారితో కలిసి 1947లో 'చందమామ'ను మొదలుపెట్టి, విజయా సంస్థలో నిర్మాతగా నిలిచిన చక్రపాణి గారి ఫొటోను ప్రకటనలో వాడుకున్నవారు, బడ్జెట్ ఎలా వేయాలో, కాల్షీట్లు ఎలా సర్దాలో, షూటింగ్ అనుమతులు ఎవరిని అడగాలో ఒక్క గంట కూడా చెప్పలేదు. వారం వారం కొత్త కథ మాత్రం రాయించుకున్నారు. సీరియల్ ఎపిసోడ్లు, ప్రకటనలు, డబ్బింగ్ మాటలు రాసుకుంటూ ఇల్లు నడుపుకుని, ఏదో ఒక రోజు సొంతంగా ఏదైనా నిర్మించాలనుకునే మాలాంటి వాళ్లకు చేతిలో ఉన్న పెట్టుబడి కథే. దాన్నే అడిగి మరీ తీసుకున్నారు.

కథను ఎవరికైనా పంపేముందు కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించండి, రచనకు ఫీజు 500 రూపాయలు. నమోదు లేకపోయినా హక్కు ఉంటుంది, కానీ వివాదం వచ్చినప్పుడు ఆ కాగితమే తొలి సాక్ష్యం. శిక్షణ విషయంలో మోసపోయినవారు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. నాతో పాటు ఆ బ్యాచ్‌లో చదివినవారు అసైన్‌మెంట్లు పంపిన ఈమెయిళ్లను దయచేసి తీసేయకండి, మీ కథలు కూడా ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో ఒకసారి విచారించుకోండి. వారి తర్వాతి బ్యాచ్‌కు ఫీజు గడువు ఈ నెలాఖరు.