సమ్మె దేశాన్ని ఆపేస్తే అధ్యక్షుడికి ఏ దారి మేలు?

అమెరికాలో పెద్ద సమ్మె వచ్చినప్పుడు అధ్యక్షులు పట్టిన దారులు ముఖ్యంగా నాలుగు: కోర్టు ఇంజంక్షన్ (సమ్మె ఆపమనే ఆదేశం), పరిశ్రమ స్వాధీనం, 80 రోజుల విరామం, మధ్యవర్తుల కమిషన్. పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. పని మళ్లీ మొదలవడం వేరు, తగువు తీరడం వేరు.

వేగంలో ఇంజంక్షన్‌దే పైచేయి. 1894లో రైలు పెట్టెలు తయారుచేసే పుల్‌మన్ కంపెనీ జీతాలు సగటున పాతిక శాతం కోసింది, కార్మికులుండే కంపెనీ ఇళ్ల అద్దె మాత్రం తగ్గించలేదు. యూజీన్ డెబ్స్ నడిపే అమెరికన్ రైల్వే యూనియన్ పుల్‌మన్ పెట్టెలను ముట్టుకోబోమంది. రైల్వేలు ఆ పెట్టెలను తపాలా రైళ్లకే తగిలించాయి. ఇక పెట్టె విప్పితే టపాకు అడ్డుపడ్డ నేరమే! జులై 2న ఇంజంక్షన్ వచ్చింది, ఆ వెంటనే షికాగోలో కేంద్ర సైన్యం దిగింది. ఇల్లినాయ్ గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ వద్దన్నా అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ వినలేదు. సమ్మె కూలింది, డెబ్స్ ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. అద్దె ఊసు మాత్రం ఆ ఇంజంక్షన్‌లో ఎక్కడా లేదు. యాజమాన్యాలు ఈ రుచి మరిగాయి. 1932లో నారిస్-లాగార్డియా చట్టం వచ్చాక గానీ కళ్లెం పడలేదు.

స్వాధీనం సంగతి చూడబోతే గంభీరం, నిలబడింది రెండు నెలల లోపే. కొరియా యుద్ధం మధ్యలో, 1952 ఏప్రిల్ 8న అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకున్నాడు. చట్టం ఇవ్వని అధికారం అధ్యక్షుడికి లేదని జూన్ 2న సుప్రీంకోర్టు 6–3తో కొట్టేసింది. ఆ వెంటనే మొదలైన సమ్మె 53 రోజులు సాగింది.

ఇక 80 రోజుల విరామం, అంటే 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం. ముందు అధ్యక్షుడు విచారణ బోర్డు వేస్తాడు. దాని నివేదిక అందాక అటార్నీ జనరల్ కోర్టుకెళ్లి సమ్మె ఆపిస్తాడు. 60 రోజులు చర్చలు. తర్వాత 15 రోజుల్లోగా యాజమాన్యం చివరి ప్రతిపాదన మీద కార్మికుల రహస్య ఓటింగ్, ఫలితం ధ్రువీకరణకు మరో 5 రోజులు. అప్పటికీ కుదరకపోతే ఇంజంక్షన్ ఎత్తేయాల్సిందే, సమ్మె మళ్లీ చేసుకోవచ్చు. లోపం ఎక్కడంటే, ఆ బోర్డు ఏం జరిగిందో రాయాలి గానీ ఏం చేస్తే బాగుంటుందో రాయకూడదు. 1959 ఉక్కు సమ్మె 116వ రోజుకు చేరాక గానీ దీని కింద పని మొదలవలేదు. ఒప్పందం 1960 జనవరిలో కుదిరింది. ఈలోగా విదేశీ ఉక్కుకు తలుపులు తెరుచుకున్నాయి.

నా ఓటు మాత్రం చట్టంలో ఎక్కడా లేని 1902 పద్ధతికే, అంటే మధ్యవర్తుల కమిషన్‌కే. పెన్సిల్వేనియా ఆంత్రసైట్ (గట్టి బొగ్గు) గనుల్లో సుమారు 1,47,000 మంది మే నుంచి పని మానేశారు. చలికాలం దగ్గరపడుతున్నా గనుల యజమానులు సంఘం నాయకుడు జాన్ మిచెల్‌తో మాట్లాడేదే లేదన్నారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ సైన్యంతో గనులు నడిపించే ఏర్పాటు లోలోపల చేసుకుంటూనే, యుద్ధ మంత్రి రూట్‌ను పెద్ద బ్యాంకర్ జె.పి. మోర్గాన్ దగ్గరకు పంపాడు. చివరికి యజమానులు కమిషన్‌కు ఒప్పుకున్నారు. సభ్యుల్లో సైనిక ఇంజనీరు, జడ్జి, పేరున్న సామాజిక శాస్త్రవేత్త వంటివారు ఉండవచ్చు, సంఘం మనిషి మాత్రం ఉండకూడదన్నారు. రూజ్‌వెల్ట్ రైల్వే కండక్టర్ల సంఘం నాయకుడు ఇ.ఇ. క్లార్క్‌ను తెచ్చి "సామాజిక శాస్త్రవేత్త" కుర్చీలో కూర్చోబెట్టాడు. యజమానులు కిమ్మనలేదు, వాళ్ల పట్టింపంతా పేరు మీదే.

కార్మికులు తీర్పు రాకముందే, అక్టోబర్ 23న గనుల్లోకి దిగారు. 1903 మార్చిలో తీర్పు వచ్చింది. 20 శాతం అడిగితే 10 శాతం పెంపు, పది గంటల పనిని 8కి తగ్గించమంటే 9 గంటలు. సంఘానికి గుర్తింపు దక్కలేదు. అయితే ముందు ముందు వచ్చే తగువుల కోసం ఆరుగురితో ఒక బోర్డు పెట్టారు, అందులో ముగ్గురు కార్మికుల తరఫు వాళ్లే. మిచెల్‌తో మాట్లాడేదే లేదన్న యజమానులు ఇక ఏ తగువొచ్చినా ఆ ముగ్గురి ఎదురుగా కూర్చోక తప్పలేదు.