ట్యాలీతోనే నెట్టుకురావాలా, ఎస్ఏపీ బిజినెస్ వన్‌కి వెళ్లాలా, ఈఆర్‌పీనెక్స్ట్ సరిపోతుందా?

చర్లపల్లి నుంచి, జీడిమెట్ల నుంచి, మొన్నయితే విజయవాడ ఆటోనగర్ నుంచి కూడా ఒకటే ఫోన్: "మీరు ఈఆర్‌పీ పెట్టారట కదా, ఏది పెట్టారు, మేం ఏది పెట్టుకోవాలి?" ఒక్కొక్కరికి అరగంట చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. మాది మెషినింగ్ యూనిట్, పంపులకూ వాల్వులకూ విడిభాగాలు చేస్తాం. ఐదేళ్ల కిందట 30 మందిమి, ఇప్పుడు 110 మంది, రెండు షెడ్లు. ఈఆర్‌పీ అంటే ఒక్క మాటలో కొనుగోళ్లు, స్టాక్, తయారీ, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్, దానివల్ల లాభాలేమిటో చెప్పను, అది ఏ సేల్స్ కుర్రాణ్ని కదిపినా చెప్తాడు.

ముందు లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ సంగతి, ఎందుకంటే ఈఆర్‌పీ మాట ఎత్తగానే దాన్ని తక్కువ చేసి మాట్లాడటం ఒక అలవాటయింది. ట్యాలీ వచ్చిన అకౌంటెంట్ కావాలంటే మన దగ్గర రెండు రోజుల్లో దొరుకుతాడు. టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ (వ్యాపారులకు ఇచ్చే బిల్లుల్ని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) తప్పనిసరి అన్నప్పుడు మా ఆఫీసులో ఎవరికీ టెన్షన్ పడే పని లేకపోయింది, ట్యాలీలోంచే వెళ్లిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్ నుంచి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రయల్ (ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో చూపే రికార్డు) ఉండి తీరాలన్నారు, దానికీ ఎడిట్ లాగ్ ఉంది. బీఓఎం (ఒక వస్తువుకు ఏ ముడిసరుకు ఎంత కావాలో చెప్పే జాబితా) ఉంది, జాబ్ వర్క్ (మన సరుకు మీద బయటివాళ్ల చేత పని చేయించడం) ఆర్డర్లు కూడా ఉన్నాయి. లేనిదల్లా షాప్ ఫ్లోర్. ఏ లాట్ ఏ మెషిన్ దగ్గర ఆగిందో, రేపు పొద్దున షిఫ్టుకు ఏది ఎక్కించాలో అందులో కనబడదు, దానికి మాకు పదకొండు ఎక్సెల్ షీట్లు, ఒక వాట్సాప్ గ్రూపు ఉండేవి. ముప్పై మందిలోపు ఉండి, పని అంతా ఒకే షెడ్డులో మొదలై అక్కడే అయిపోయే యూనిట్ అయితే నన్నడిగితే ట్యాలీ వదలక్కర్లేదు.

మమ్మల్ని కదిలించింది అకౌంట్స్ కాదు, గేటు దాటి బయటికి వెళ్లే సరుకు. మా దగ్గర ఒక షాఫ్ట్ తయారవ్వాలంటే రాడ్ కట్ చేసి టర్నింగ్ మేం చేస్తాం, హీట్ ట్రీట్‌మెంట్ బయట, మళ్లీ గ్రైండింగ్ మా దగ్గర, ప్లేటింగ్ బయట, చివరికి ఇన్‌స్పెక్షన్ మా దగ్గర. అంటే ఒక్క పీసు రెండుసార్లు ఊరు తిరిగి వస్తుంది. 500 పంపితే 487 వస్తాయి, ఎనిమిది వంకరపోయాయని వాళ్లు చెప్తారు, మిగతా ఐదు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. చలాన్ల ఫైలు స్టోర్స్‌లో, గేట్ పాస్ బుక్కు సెక్యూరిటీ దగ్గర, బిల్లు అకౌంట్స్‌లో, ఈ మూడూ ఒకచోట కలిసేది ఆరు నెలలకోసారి ఐటీసీ-04 (జాబ్ వర్క్‌కు వెళ్లొచ్చిన సరుకు వివరాలిచ్చే జీఎస్టీ ఫారం) వేసేటప్పుడే. అలా ఒకసారి కూర్చుని చూస్తే మూడు లాట్లు పదకొండు నెలలుగా ఒక ప్లేటింగ్ షాపులోనే పడి ఉన్నాయి. జీఎస్టీ చట్టం సెక్షన్ 143 తెలిసినవాళ్లకు అదెంత గుబులో అర్థమవుతుంది: జాబ్ వర్క్‌కు పంపిన ఇన్‌పుట్స్ ఏడాదిలోపు తిరిగి రాకపోతే, పంపిన రోజునే అమ్మేసినట్టు లెక్క, పన్నుకు తోడు వడ్డీ కూడా కట్టాలి. ఆ రోజు టెంపో పంపించి తెప్పించుకున్నాం, ఆ వారమే ఈఆర్‌పీ వెతకడం మొదలుపెట్టాం.

కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ చూపించడానికి ఎవరు వచ్చినా నేను అడిగింది ఒకటే. మీ డెమో కంపెనీ, అందులో ఉదాహరణకు చూపించే సైకిల్ బీఓఎం వద్దు, ఇదిగో మా షాఫ్ట్, ఇది రెండుసార్లు బయటికి వెళ్లి పదమూడు పీసులు తక్కువగా తిరిగొచ్చేదాకా నా కళ్ల ముందు నడిపించండి. చాలామంది మళ్లీ వస్తామని వెళ్లారు, వచ్చినవాళ్లు తక్కువ.

ఎస్ఏపీ బిజినెస్ వన్ పెద్ద కంపెనీల్లో వాడే ఎస్ఏపీ కాదు, ఆ సంగతి చాలామందికి తెలియదు. జర్మన్ కంపెనీ ఎస్ఏపీ 2002లో టాప్‌మేనేజ్ అనే ఇజ్రాయెల్ కంపెనీని కొని, చిన్న, మధ్యతరహా కంపెనీల కోసం తెచ్చింది. అకౌంట్స్ వైపు చాలా గట్టిది, ఒకసారి పోస్ట్ అయిన ఎంట్రీని చెరిపేయలేరు, రివర్స్ చేయాల్సిందే, మా సీఏకి అది తెగ నచ్చింది. కస్టమర్ ఆడిట్‌కు వచ్చినప్పుడు 'ఎస్ఏపీ ఉంది' అంటే తల ఊపి ముందుకెళ్తారు, ఆ పేరుకున్న విలువ చిన్నది కాదు. విదేశీ భాగస్వామి ఉన్నవాళ్లు, గ్రూపు లెక్కలు ఒకచోట కలపాల్సినవాళ్లు కళ్లు మూసుకుని దీనికే వెళ్లొచ్చు. ప్రొడక్షన్ ప్లానింగ్ లోతుగా కావాలంటే మాత్రం చాలామంది దానిమీద బియాస్ లాంటి యాడ్-ఆన్ (అదనపు సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటారు, అంటే లైసెన్సు, ఏటా మెయింటెనెన్స్, సాఫ్ట్‌వేర్ పెట్టించే పార్ట్‌నర్ కంపెనీ మనుషుల రోజుకూలి కాక ఇంకో ఖర్చు.

నేను తేల్చుకున్నది మాత్రం ఆ ఖర్చు మొత్తం చూసి కాదు, అది యూజర్ లెక్కన ఉండటం చూసి. లాగిన్‌కింత అని డబ్బు కట్టాల్సి వస్తే మనం ఏం చేస్తామో మనకు తెలుసు: అకౌంట్స్‌కి రెండు, పర్చేజ్‌కి ఒకటి, స్టోర్స్‌కి ఒకటి, ఎండీ గారికి ఒకటి (ఆయన ఎప్పుడూ తెరవరు). గేటు దగ్గర సెక్యూరిటీకి ఎవరు కొంటారు, గ్రైండింగ్ సూపర్‌వైజర్‌కి ఎవరు కొంటారు? వాళ్లు కాగితం మీద రాసి పంపితే సాయంత్రం స్టోర్ కీపర్ కూర్చుని అన్నీ ఎక్కిస్తాడు, ఎక్కించలేకపోతే రేపు. అప్పుడు మనం లక్షలు పోసి కొన్నది కాస్త ఖరీదైన ఎక్సెల్ అవుతుంది. ఆటో ట్రాలీ గేటు దాటే క్షణంలో చలాన్ సిస్టమ్‌లో పడకపోతే ఆ లాట్ ఎక్కడుందో ఏ రిపోర్టూ చెప్పలేదు.

ముంబై కంపెనీ ఫ్రాపే చేసే ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. సొంత సర్వర్ మీదో, అద్దె సర్వర్ మీదో పెట్టుకుంటే ఎంతమందికైనా లాగిన్ ఇవ్వొచ్చు. మేం 34 మందికి ఇచ్చాం, గేటుతో సహా. ఇప్పుడు సెక్యూరిటీ అన్న "సిస్టంల చలాన్ లేదు సార్, బండి పోదు" అంటాడు, మొన్న నా కారు డిక్కీలో శాంపిల్ పీసులు రెండుంటే నన్నే ఆపాడు.

అలాగని అది ఫ్రీ అనుకుని దిగకండి. లైసెన్సుకు రూపాయి లేదు గానీ సర్వర్‌కి, పెట్టించే వాళ్లకి, అన్నిటికంటే మన మనుషుల టైముకి ఖర్చుంది. జీఎస్టీకి ఇండియా కంప్లయన్స్ అనే యాప్ విడిగా వేసుకోవాలి. జాబ్ వర్క్ నడపాలంటే ఒక్క లాట్‌కే మూడు నాలుగు డాక్యుమెంట్లు చేయాలి, మొదట్లో మా స్టోర్స్ వాళ్లు నన్ను తిట్టుకున్నారు. ఇంకో తలనొప్పి, బయటికి వెళ్లే ప్రతి దశకూ మేం వేరే ఐటమ్ కోడ్ పెట్టాల్సి వచ్చింది: టర్నింగ్ అయిన షాఫ్ట్ ఒక కోడ్, హీట్ ట్రీట్‌మెంట్ అయింది ఇంకో కోడ్. 900 కోడ్లు 2,600 అయ్యాయి, రెండు నెలల ఆదివారాలు దానికే పోయాయి. మీ దగ్గర కంప్యూటర్ ముందు విసుక్కోకుండా కూర్చునే డిప్లొమా కుర్రాడు ఒక్కడైనా లేకపోతే ఈఆర్‌పీనెక్స్ట్ జోలికి వెళ్లొద్దు, బయటి పార్ట్‌నర్ ఒక్కడి మీదే ఆధారపడి దీన్ని లాగలేరు.

కోడ్ చేతిలో ఉంది కదా అని మన అలవాట్లకు తగ్గట్టు మార్చేసుకోవాలని కూడా అనిపిస్తుంది. మేం రాడ్ కిలోల్లో కొని, స్టోర్స్ నుంచి ముక్కల లెక్కన ఇస్తాం, దానికో సొంత స్క్రీన్ రాయించబోయాం. జర్మనీలో లిడ్ల్ అనే సూపర్‌మార్కెట్ గొలుసు ఏడేళ్లు ఎస్ఏపీ ప్రాజెక్టు మీద పనిచేసి, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక 2018లో వదిలేసిందని పత్రికలు రాశాయి. స్టాక్ విలువను కొన్న ధరకు కట్టడం వాళ్ల అలవాటు, సాఫ్ట్‌వేర్ పద్ధతేమో అమ్మే ధర, ఆ అలవాటు మార్చుకోనంటూ సాఫ్ట్‌వేర్‌నే మార్చబోయారని చెప్తారు. అది చదివాక మా స్క్రీన్ సంగతి మరిచిపోయి, మీటరుకు ఇన్ని కిలోలని ఐటమ్‌లో కన్వర్షన్ పెట్టుకున్నాం, అయిపోయింది.

ఓడూ అనే ఇంకో ఈఆర్‌పీ సంగతి కూడా అడుగుతున్నారు. చూడ్డానికి అన్నిటికంటే అందంగా ఉంటుంది, కానీ ఉచితంగా వచ్చే కమ్యూనిటీ ఎడిషన్‌లో పూర్తి అకౌంటింగ్ ఉండదు, ఎంటర్‌ప్రైజ్‌కి మళ్లీ యూజర్ లెక్కే, అంటే గేటు కథ మొదటికి. జోహో బుక్స్, ఇన్వెంటరీ కొని అమ్మేవాళ్లకు బాగుంటాయి. మైక్రోసాఫ్ట్‌ది నేను చూడలేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఇంకో ప్రశ్న. ఆడిటర్ ఏప్రిల్ 1 అంటాడు, అకౌంట్స్‌కి అదే సుఖం. మేం స్టాక్‌ను మాత్రం దసరాకు ఎక్కించాం, ఎలాగూ ఆయుధ పూజకు మెషిన్లు ఆపి కడుగుతాం కాబట్టి ఆ రెండు రోజుల్లో ప్రతి ర్యాకూ లెక్కపెట్టాం, బయట ఉన్న సరుకు కోసం జాబ్ వర్కర్ల దగ్గరికి మనుషుల్ని పంపి మరీ. అకౌంట్స్ మార్చి దాకా ట్యాలీలోనే నడిపి తర్వాత మార్చాం. స్టోర్స్‌లో పాత రిజిస్టర్, కొత్త సిస్టమ్ పక్కపక్కన ఆరు వారాలే ఉంచాం, ఎందుకంటే రెండూ ఉన్నంతకాలం మనవాళ్లు రిజిస్టర్‌నే నమ్ముతారు.

మరి ట్యాలీ రెన్యూ చేశారా అంటే చేశాం. పాత సంవత్సరాల లెక్కలు అందులో ఉన్నాయి, ఏదైనా జీఎస్టీ నోటీసు వస్తే తీసి చూపించాలి. పైగా మా అకౌంటెంట్ దాన్ని వదలనంటున్నాడు, ఆయనతో ఆ గొడవ వచ్చే మార్చిలో పెట్టుకుంటాను.