మడిచే పక్క పట్టీల ఇసుక బండి: మైపాడు ఒడ్డున చాన్నాళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తా. సముద్రం ఒడ్డున వదులు ఇసుకలో రోజూ బరువులు లాగే పని ఉన్నవాళ్లకి, చక్రాలు లేకుండా అడుగు పట్టీల మీద జారే ఈ బండి పెట్టిన ప్రతి రూపాయికీ పనిచేస్తుంది. కాకపోతే పక్క పట్టీలు ఎంత కిందకి దిగి ఆగాలి, వాటిని దేంతో బిగించాలి అన్న రెండు విషయాలు కుదరాలి. అవి కుదరకపోతే పక్క పట్టీలు లేని మామూలు ఈడ్పు బండే నయం, బరువన్నా తగ్గుద్ది.

మాది మైపాడు పక్కన పాలెం. ఇంట్లో చేపల కొనుగోలు పని. బోట్లను ఒడ్డుకి లాగడానికి ట్రాక్టర్లు ఉన్నాయి, దానికి తిరుగులేదు. కానీ బోటు ఆగాక ఐసు బాక్సులు, చేపల ట్రేలు, డీజిలు క్యాన్లు, తడిసిన వలలు, ఒక్కోసారి ఇంజను కూడా రోడ్డు మీద నిలబడ్డ ఆటో దాకా చేర్చేది మనుషులే. ఎక్కువగా ఆడవాళ్లే, తలమీద. మా పెద్దమ్మ ఏళ్ల తరబడి అలా మోసీ మోసీ ఇప్పుడు మెడ తిప్పలేదు. పొడి ఇసుకలో తలమీద బరువుతో నడవడం అంటే ఏందో అది చేసినవాళ్లకే తెలుసు. చక్రాల తోపుడు బండి తడి ఇసుక వరకు బాగానే వస్తది, పొడి ఇసుకలోకి రాగానే చక్రం సగం దాకా కూరుకుపోతుంది. లావు టైర్లు వేసి చూసినవాళ్లూ ఉన్నారు, బేరింగుల్లోకి ఉప్పునీళ్లు, ఇసుక వెళ్లాక అవి ఎంతోకాలం తిరగవు.

మంచు దేశాల్లో లాగే స్లెడ్జిలు, అంటే చక్రాలు లేని జారుడు బండ్లు, చూశాక ఈ ఆలోచన పట్టుకుంది. మెత్తటి కొత్త మంచుకీ మన పొడి ఇసుకకీ ఉన్న ఇబ్బంది ఒకటే: బరువు సన్నగా ఒకచోట పడితే దిగబడిపోద్ది. 1888లో గ్రీన్‌లాండ్‌ని అడ్డంగా దాటిన నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన స్లెడ్జిలకి స్కీల్లాంటి వెడల్పాటి పట్టీలు పెట్టించుకున్నది ఇందుకే. అయితే ఒక తేడా ఉంది, దాన్ని మర్చిపోయి మంచు బండిని ఉన్నదున్నట్టు దించేస్తే లాభం లేదు. మంచు మీద పట్టీ జారేటప్పుడు రాపిడి వేడికి పైపొర కొద్దిగా కరిగి సన్నటి నీటి పొర ఏర్పడుద్ది, అందుకే బరువులో ఏ పదో వంతో లాగితే బండి కదులుతుంది. ఇసుక కరగదు. పొడి ఇసుకలో బరువులో దాదాపు సగం లాగాలి, దిగబడితే ఇంకా ఎక్కువ. కాబట్టి ఇక్కడ ఒకే మనిషి హాయిగా లాక్కెళ్తాడని ఆశపడొద్దు, నిండు బండికి ఇద్దరు కావాల్సిందే.

నెల్లూరు ఆటోనగర్లో పనిచేసే మా బావ, నేను కూర్చుని కొలతలు వేసుకున్నాం. బండి ఆరడుగుల పొడవు. కింద రెండు ప్రధాన పట్టీలు, ఒక్కొక్కటి 8 సెంటీమీటర్ల వెడల్పు. వాటికి బయటివైపు చెరొక పక్క పట్టీ, 12 సెంటీమీటర్లు. నేలకి ఆనే పొడవు సుమారు 150 సెంటీమీటర్లు అనుకోండి. బండితో కలిపి బరువు 120 కిలోలైతే, ప్రధాన పట్టీల మీదే నిలబడ్డప్పుడు చదరపు సెంటీమీటరుకి 50 గ్రాములు పడుతుంది. పక్కవి కూడా ఆనితే 20 గ్రాములు. 70 కిలోల మనిషి రెండు కాళ్ల మీద నిలబడితే పడేది దాదాపు 170 గ్రాములు. అంటే మన కాలు దిగబడిన చోట కూడా ఈ బండి పైనే ఉంటది.

ఇక అసలు సంగతి, పక్క పట్టీల ఎత్తు. చాలామంది అడిగేది ఏందంటే, అంత లాభం ఉంటే వాటిని శాశ్వతంగా బిగించేయొచ్చు కదా, మడవడం దేనికి అని. ట్రాక్టరు తిరిగిన ఒడ్డు చూడండి, టైర్ల గాళ్లు, మధ్యలో గట్లు. సన్నగా ఉన్న బండి ఒక గాడిలో పడి చక్కగా వచ్చేస్తది, వెడల్పుగా ఉంటే పక్క పట్టీ గట్టుకి తగిలి బండి తిరిగిపోద్ది. బోటుకీ బోటుకీ మధ్య సందులోంచి తేవాలన్నా అంతే, ఆటోలోకి ఎక్కించాలన్నా అంతే. అల అంచున అయితే మరీ, వెనక్కిపోయే నీళ్లు వెడల్పాటి పట్టీని పట్టుకుని బండిని పక్కకి ఈడ్చేస్తాయి. అందుకే మా ఒడ్డున ముసలి మామ ఒకాయన బండిని నీళ్ల దగ్గరికి తీసుకుపోతే చాలు, "అబయా, ముందు ఆ రెక్కలు ఎత్తు" అని దూరం నుంచే అరుస్తాడు.

దించినప్పుడు కూడా పక్క పట్టీ ప్రధాన పట్టీతో సమానంగా ఉండకూడదు. ఒక సెంటీమీటరు పైనే ఆగాలి. గట్టి ఇసుక మీద అది గాల్లో ఉండిపోతుంది, దారి తప్పించదు. వదులు ఇసుక రాగానే బండి ఆ సెంటీమీటరు దిగుతుంది, అప్పుడు పక్కవి వాటంతట అవే ఆనుకుని బరువు పంచుకుంటాయి. మంచులో లాగే వెడల్పాటి తొట్టి స్లెడ్జిల అడుగున సన్నటి గీతల్లాంటి పట్టీలు ఉండేది కూడా ఈ లెక్కతోనే, గట్టి మంచు మీద గీతలు మోస్తాయి, మెత్తటి మంచులో అడుగంతా మోస్తుంది. ఈ బండి కట్టించుకునేవాళ్లు ఇంకేదన్నా మార్చుకోండి, ఈ సెంటీమీటరు మాత్రం వదలొద్దు.

మా దగ్గర చేపలు తూచే వేలాడే కాటా ఉంది కదా, దాన్ని తాడుకి మధ్యలో కట్టి లాగి చూశాం. 120 కిలోల బరువుకి పొడి ఇసుకలో పక్కవి ఎత్తి ఉంచితే కాటా 70 దగ్గర ఊగులాడింది, దించితే 50కి వచ్చింది. పోటు నీళ్లు వచ్చిపోయిన చెమ్మ ఇసుక మీద 35 లోపే, అక్కడ దించినా ఎత్తినా ఒకటే. దీన్నిబట్టి చూస్తే బండి కన్నా దారి ఎంచుకోవడమే ఎక్కువ కలిసొస్తది. మేం ఇప్పుడు పొడి ఇసుకకి అడ్డంగా నేరుగా రోడ్డుకి లాగం. చెమ్మ గీత వెంబడి వీలైనంత దూరం పోయి, రోడ్డు చివర ఎదురుగా వచ్చాక మాత్రమే పొడి ఇసుకలోకి తిరుగుతాం. నడక పెరుగుతుంది గానీ నడుం నొప్పి తగ్గుతుంది.

చెమ్మ ఇసుక గురించి ఒక ముచ్చట చెప్పాలి. ఈజిప్టులో జెహుతీహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద దాదాపు 3900 ఏళ్ల నాటి బొమ్మ ఉంది. పెద్ద విగ్రహాన్ని స్లెడ్జి మీద లాగుతుంటే ఒకడు ముందు నిలబడి ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. చాలాకాలం అదేదో పూజ తంతు అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రయోగశాలలో లాగి చూసి, సరిపడా తడి ఉంటే లాగే బలం సగానికి తగ్గుతుందని చెప్పారు. రేణువుల మధ్య సన్నటి నీటి వంతెనలు ఇసుకను గట్టిగా పట్టి ఉంచుతాయి, బండి ముందు ఇసుక కుప్పగా పోగవదు. నీళ్లు మరీ ఎక్కువైతే మళ్లీ బరువెక్కుద్ది. మాకూ అదే కనిపించింది. రోడ్డు దగ్గర చివరి ఎత్తులో ఇసుక మీద నీళ్లు చిలకరిస్తే తేడా తెలుస్తుంది, బకెట్టు కుమ్మరిస్తే బురదైపోతుంది. రోజూ అంత నీళ్లు ఎవరు మోస్తారు, అది వేరే మాట.

ఇప్పుడు సామాను గురించి. పట్టీలకి మేం వాడింది హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్. రొయ్యల గుంటలకి నీళ్లు తోడే నల్ల పైపులు మన వైపు ఎక్కడబడితే అక్కడ ముక్కలు దొరుకుతాయి, వాటిని నిలువునా చీల్చి, హీట్ గన్‌తో వేడిచేసి పలకలుగా నొక్కి, ముందు ముక్కును పైకి వంచాం. నల్లదే తీసుకోండి, అందులో కలిపే కార్బన్ వల్ల ఎండకి తొందరగా పెళుసెక్కదు. ఇనుప పట్టీల మీద లాగి చూశాను, ఇంత సుఖం లేదు, పైగా తుప్పు. హెచ్‌డీపీఈతో ఒక చిక్కుంది, ఎండకి బాగా సాగుతుంది. ఐదారడుగుల పట్టీ పొద్దునకీ మధ్యాహ్నానికీ కొన్ని మిల్లీమీటర్లు పెరుగుద్ది. అందుకే బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా ఉండాలి, ముందు ఒక్కటే గట్టిగా బిగించి మిగతావి వదులుగా ఉంచాలి. లేదంటే పట్టీ మధ్యలో ఉబ్బి కూర్చుంటది. బోల్టు తలలు లోపలికి దిగేలా గుంట తీయించడం ఎలాగూ తప్పదు.

ఫ్రేముకి జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు. జీఐకి తుప్పు రాదనుకుంటారు, వెల్డింగ్ పెట్టిన ప్రతిచోటా జింకు కాలిపోతుంది, ఉప్పుగాలికి తుప్పు మొదలయ్యేది అక్కడే. అతుకుల మీద జింకు పెయింటు ఏటా వేయాలి. పిన్నులు, ఇరుసులు స్టెయిన్‌లెస్. 304 రకం మన సముద్రపు గాలికి చుక్కలు చుక్కలుగా గుంటలు పడుతుంది, దొరికితే 316 తీసుకోండి, ధర ఎక్కువైనా.

మడిచే పద్ధతి దగ్గర మాత్రం ఒక షాపు మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది. వాళ్లు స్ప్రింగు లాకు, మర తిప్పే హ్యాండిలు పెట్టి, చూడముచ్చటగా ఉంది కదా అని డబ్బులు గట్టిగానే తీసుకున్నారు. మరలోకి ఇసుక పోయి ఒక్క వర్షాకాలం కూడా నిలవలేదు. అడిగితే "సముద్రంలోకి తీసుకుపోతారని చెప్పలేదు కదా" అన్నారు. బావ అదంతా పీకేసి, పక్కకి రెండేసి చేతులు, నైలాన్ బుష్షు, తాడు కట్టిన 12 మిల్లీమీటర్ల పిన్ను పెట్టాడు. రంధ్రం కావాలనే 14 మిల్లీమీటర్లు తీశాడు, ఆ వదులులోంచి ఇసుక రాలిపోతుంది. గ్రీజు అస్సలు పూయొద్దు, ఇసుకని పట్టుకుని ఇరుసుని ఆకురాయిలా అరగదీస్తది. సాయంత్రం ఒక బిందె మంచినీళ్లు పోస్తే చాలు.

పిన్నుకి మూడు రంధ్రాలు ఉన్నాయి. ఒకటి పైకి ఎత్తడానికి, ఒకటి నేను చెప్పిన సెంటీమీటరు ఎత్తుకి, మూడోది ప్రధాన పట్టీ కన్నా కిందకి. ఆ మూడోది ఏటవాలు కోసం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఒడ్డు కూడా బాగా కోసుకుపోయింది, చాలాకాలం నీళ్ల అంచున వాలు గట్టు ఉండిపోయింది. దాని వెంబడి అడ్డంగా పోవాలంటే మామూలు బండి పల్లం వైపు దొర్లుద్ది. పల్లం వైపు పట్టీ ఒక్కటే కిందకి దించితే బండి మట్టంగా నిలబడింది, ఒక్క ట్రే కూడా ఒరగలేదు. రెండు వైపులూ వేటికవి విడిగా కదలాలనేది అందుకే, ఒకే హ్యాండిలుతో రెండూ దిగే ఏర్పాటు వద్దు.

తాడు సంగతికొస్తే, పొట్టి తాడుతో కొంచెం పైకి వంపుగా లాగండి, ముందు భాగం తేలిక పడుతుంది. కానీ ఐసు నింపుకుని గట్టు దిగేటప్పుడు తాడు పనికిరాదు, బండి వచ్చి మడమల్ని కొడుతుంది. మంచులో తొట్టి స్లెడ్జిలకి గట్టి కర్రలు కట్టుకునేది ఇలాంటి పల్లాల్లో బండి మీదకి రాకుండానే. మేం రెండు వెదురు బొంగులు కట్టాం, నడుముకి పాత వల తాళ్లతో అల్లిన పటకా.

నచ్చనివి కూడా చెప్పాలి. ఖాళీ బండే 30 కిలోలు, ఒక్క మనిషి ఆటోలోకి ఎత్తలేడు. తెగిన నైలాన్ వల పోగులు ఇరుసులకి చుట్టుకుంటాయి, కత్తి దగ్గర ఉండాల్సిందే. తడి ఇసుకలో కాసేపు నిలబెడితే పట్టీలు అతుక్కుపోతాయి, నేరుగా గుంజితే రాదు, ముందు పక్కలకి ఊపి వదిలించాలి. ఆల్చిప్పలు పట్టీల అడుగున గీతలు పెడతాయి, అది పెద్ద నష్టం కాదు. సిమెంటు రోడ్డు మీద మాత్రం ఒక్క గజం కూడా లాగొద్దు, పట్టీ తురుములా పోద్ది. కొత్తపట్నం వైపు చుట్టాలు ఇలాంటిదే కట్టించుకుని రోడ్డు మీదుగా ఇంటిదాకా లాగి రెండు పట్టీలూ పాడుచేసుకున్నారు.

ఇంకొక మాట. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి పై ఇసుకలోకి వస్తాయి. కర్రలు పాతి గుర్తు పెట్టిన చోట్లకి బండి తేలికే కదా అని పోనివ్వకండి, చుట్టూ తిరిగి పోండి.

మొత్తం ఖర్చు, పాడైన ఆ మర హ్యాండిలు కాకుండా, 14 వేల దాకా అయింది. బావ చేతి కూలి వేయలేదు, బయట చేయిస్తే ఇంకో నాలుగైదు వేలు పడొచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజుల్లో బండి విప్పి, పట్టీలు ఎంత అరిగాయో చూసి మళ్లీ బిగిస్తాం. ఈసారి నిషేధంలో పక్క పట్టీల ముక్కు ఇంకో మూడంగుళాలు పొడిగించి పైకి వంచాలనుకుంటున్నాం, ఎందుకంటే బాగా వదులు ఇసుకలో ముందుగా గుచ్చుకునేది అక్కడే. పెద్దమ్మ ఒక చిన్నది అడిగింది, ఒక్క ట్రే పట్టేది, ఒక్కతే లాక్కునేది. దానికి ఫ్రేము పైపు ముప్పావు అంగుళం సరిపోద్దా లేదా అన్నది బావ చూస్తున్నాడు.