హైదరాబాద్ నుంచి విజయవాడ, గుంటూరు ట్రయల్ సైట్లకు 2–8 డిగ్రీల డెలివరీ: పెట్టె మంచిదే, తంటా అంతా ఆసుపత్రి గేటు దగ్గరే

2–8 డిగ్రీల మధ్యే ఉంచాల్సిన క్లినికల్ ట్రయల్ (మనుషులపై మందుల పరీక్ష) మందులు సాయంత్రం హైదరాబాద్ డిపోలో ప్యాకై, రాత్రికి 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, తెల్లారేసరికి విజయవాడలో ఉంటాయి. దూరం సుమారు 275 కిలోమీటర్లు. ఈ దారిలో ఏ సంస్థ తెచ్చినా పెట్టె, లాగర్ (దారి పొడవునా ఉష్ణోగ్రత రాసుకునే చిన్న పరికరం), కాగితాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. అందుకే కంపెనీ పేర్ల జోలికి పోకుండా సర్వీసు గురించే రాస్తున్నాం. సైట్ (ట్రయల్ జరిగే ఆసుపత్రి) కోఆర్డినేటర్లకూ ఫార్మసిస్టులకూ పనికొస్తే చాలు.

ముందు పెట్టె. మామూలు థర్మాకోల్ పెట్టె చవక, ఒకసారి వాడి పారేసేది. వాక్యూమ్ ప్యానెల్ పెట్టె ఖరీదైనది. గోడ పలచగా ఉన్నా చాలాసేపు చల్లదనం నిలుపుతుంది, తిరిగి వాడుకోవచ్చు. కాకపోతే ప్యానెల్ రేకుకు సూదంత చిల్లు పడినా లోపలికి గాలి చేరి దాని సత్తా పోతుంది, పైకి మాత్రం ఏమీ తెలియదు. కాబట్టి పదేపదే తిరిగే పెట్టెలకు ప్రతి ట్రిప్పు తర్వాత ప్యానెల్ తనిఖీ చేస్తున్నారా అని సప్లయర్‌ను అడగాలి. సమాధానం నీళ్లు నములుతున్నట్టు వస్తే థర్మాకోల్ పెట్టే నయం.

అసలు కిటుకు జెల్ ప్యాకుల్లో ఉంది. నీటి జెల్ ప్యాకు మైనస్ 20 ఫ్రీజర్లోంచి తీసినప్పుడు నిజంగానే మైనస్ 20లో ఉంటుంది. దాన్ని కాసేపు బయట పెట్టి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చాకే పెట్టెలో పెట్టాలి. మే నెలలో ప్యాకింగ్ చేసేవాళ్లు ఎండకు భయపడి రెండు ప్యాకులు ఎక్కువ వేస్తారు, అదీ నేరుగా ఫ్రీజర్లోంచి. మొదటి మూడు నాలుగు గంటల్లోనే లోపల 2 కంటే కిందికి పడిపోతుంది. ఇన్సులిన్, మోనోక్లోనల్ యాంటీబాడీలు, అల్యూమినియం ఉన్న వ్యాక్సిన్లు ఎండ కంటే గడ్డకట్టడానికే ఎక్కువ భయపడాలి. కరిగాక సీసా చూస్తే చాలాసార్లు తేడా కనిపించదు. 5 డిగ్రీల దగ్గర గడ్డకట్టి కరిగే ఫేజ్ చేంజ్ ప్యాకులతో ఈ బెడద చాలా తక్కువ. ఖర్చు ఎక్కువైనా ఇలాంటి బయోలాజికల్స్‌కు (జీవకణాల నుంచి తయారయ్యే మందులకు) ఇవే అడగండి.

పెట్టె మీద ‘72 గంటలు’ అని ఉంటుంది. ఏ ఎండలో 72 అన్నది అడగాల్సిన ప్రశ్న. క్వాలిఫికేషన్ రిపోర్టు (పెట్టెను పరీక్షించిన నివేదిక) తెప్పించుకుని వేసవి ప్రొఫైల్ గ్రాఫు, అంటే పరీక్షలో బయట ఎంత వేడి పెట్టారో చూడండి. శిఖరం 35 దగ్గరే ఆగితే, రోహిణి కార్తెలో 44 దాటే బెజవాడకు ఆ హామీ చాలదు. ఎండలో తలుపులేసి నిలిపిన వ్యాన్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇంకోటి, ఆ గడియారం వ్యాన్ కదిలినప్పుడు కాదు, పెట్టె మూత పడినప్పుడే మొదలవుతుంది. శుక్రవారం సాయంత్రం 5కు మూత పడిన పెట్టె శనివారం సైట్‌కు అందకపోతే, సోమవారం ఉదయం 10కి 65 గంటలు అయిపోయినట్టే. మిగిలింది ఏడు. అందుకే ఐఆర్‌టీలో (ట్రయల్ కిట్ల ఆర్డర్లు, లెక్కలు చూసే కంప్యూటర్ వ్యవస్థలో) ఆర్డరు పడేటప్పుడే సరుకు మంగళ, బుధ, గురువారాల్లో చేరేలా చూసుకోవాలి. శుక్రవారం డిస్పాచ్ అన్న మాట వినిపిస్తే ఒప్పుకోకండి.

విజయవాడ వరకు సర్వీసుకు మంచి మార్కులే వేయాలి. గుంటూరుకు మాత్రం తగ్గించాలి. మధ్యలో ముప్పై అయిదు కిలోమీటర్లే, వారధి దాటి కాజ టోల్ మీదుగా గంట ప్రయాణం. అయితే సరుకు విజయవాడ హబ్‌లో దిగి, గుంటూరు బండి నిండేదాకా ఆగితే మధ్యాహ్నం అవుతుంది. అప్పటికి ఓపీ ముగిసి ఉంటుంది, ఫార్మసిస్టు భోజనానికి వెళ్లి ఉంటారు. విడిగా బండి అడిగితే ఛార్జీ పెరుగుతుంది, కానీ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో అది దండగ ఖర్చు కాదు.

ఇక గేటు. చిరునామాలో డాక్టరు గారి పేరు, ఆసుపత్రి పేరు ఉంటాయి. ట్రయల్ నడిపే ఆ డాక్టరు, అంటే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్, ఓటీలో ఉంటారు, ఫోన్ ఎత్తరు. సెక్యూరిటీ వాళ్లు సంతకం పెట్టి క్యాజువాలిటీ పక్కన దింపుతారు, లేదంటే ఇన్‌వర్డ్ కౌంటర్లో సర్జికల్ సామాను అట్టపెట్టెల మీద పెడతారు. డెలివరీ బాయ్ దృష్టిలో పని అయిపోయింది, ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని పడుతుంది. పెట్టె మాత్రం అక్కడే ఉంటుంది. విజయవాడ సూర్యారావుపేట లాంటి చోట ఒకే సందులో ఇన్ని ఆసుపత్రులుంటే పక్క బిల్డింగులో దిగినా ఆశ్చర్యం లేదు. దీనికి మందు ఒక్కటే: కన్‌సైన్‌మెంట్ నోటు మీద అంతస్తు, గది, ఇద్దరి ఫోన్ నంబర్లు, ‘పేరున్న వ్యక్తికే ఇవ్వాలి’ అన్న సూచన. సెక్యూరిటీ టేబుల్ మీద కూడా ఒక కాగితం అంటించి పెట్టండి.

పెట్టె చేతికొచ్చాక చేసే పనిలో వరస తప్పకూడదు. సీలు నంబరు కాగితంతో సరిపోల్చి, మూత తీసి, ముందు లాగర్ బయటికి తీసి స్టాప్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. మందులు వెంటనే ఫ్రిజ్‌లోకి. కంప్యూటర్ ఆ తర్వాత. చాలాచోట్ల లాగర్‌ను ఆపకుండా టేబుల్ మీద పెట్టి కిట్లు లెక్కపెడతారు. అది అయిదు లేదా పది నిమిషాలకోసారి గది వేడి రాసుకుంటూ పోతుంది, చివరికి 27 డిగ్రీలని అలారం వస్తుంది. మందు బాగానే ఉన్నా కిట్లన్నీ ఆగిపోతాయి. గ్రాఫులో గీత చివర్లో నిట్టనిలువుగా లేస్తే చాలావరకు ఇదే కారణం. మొదట్లోనే కిందికి దిగితే జెల్ ప్యాకు తప్పు, లేదా లాగర్‌ను ప్యాకుకు ఆనించి పెట్టారు.

యూఎస్‌బీలో పెడితే పీడీఎఫ్ దానంతటదే తయారవుతుంది, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆసుపత్రి ఐటీ వాళ్లు యూఎస్‌బీ పోర్టులు మూసేసి ఉంటే ముందే ఒక కంప్యూటర్‌కు అనుమతి తీసుకోండి. టైమ్ జోన్ కూడా చూడాలి. లాగర్ గ్రీన్‌విచ్ సమయంలో ఉంటే ఉదయం 9:10కి తెరిచిన పెట్టె రిపోర్టులో 3:40కి తెరిచినట్టుంటుంది. రిసీట్ ఫారంలో అయిదున్నర గంటల తేడా ఎందుకో ఒక ముక్క రాయకపోతే మానిటర్ (ట్రయల్ చేయించే కంపెనీ తరఫున రికార్డులు తనిఖీ చేసేవారు) వచ్చినప్పుడు క్వెరీ ఖాయం. లాగర్ కాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) సర్టిఫికెట్ గడువు కూడా అప్పుడే చూసి ఫైల్లో పెట్టుకోండి.

అలారం నిజమే అయితే కిట్లను 2–8లోనే విడిగా, ‘క్వారంటైన్’ అని చీటీ పెట్టి ఉంచాలి. వాడకూడదు, పారేయకూడదు. ఐఆర్‌టీలో అదే స్థితి పెట్టి, పీడీఎఫ్ స్పాన్సర్‌కు (ట్రయల్ చేయించే కంపెనీకి) పంపి, రాతపూర్వక జవాబు వచ్చేదాకా ఆగాలి. సగటు ఉష్ణోగ్రత బాగానే ఉంది, మీన్ కైనెటిక్ టెంపరేచర్ (దారిలో వేడి హెచ్చుతగ్గులన్నిటినీ ఒకే అంకెగా చెప్పే లెక్క) ఎనిమిది లోపే అని కొరియర్ తరఫున ఎవరైనా వాదిస్తే పట్టించుకోకండి. ఆ లెక్క వేడి ప్రభావానికి సంబంధించింది, గడ్డకట్టిన నష్టం అందులో కనిపించదు. పైగా నిర్ణయం స్టెబిలిటీ డేటా (మందు ఏ వేడికి ఎంతకాలం నిలుస్తుందన్న వివరాలు) చేతిలో ఉన్న స్పాన్సర్‌దే.

కాగితాల విషయంలో ఈ సర్వీసు బాగానే ఉంది. 2014 జూన్ 2 నుంచి ఇది రెండు రాష్ట్రాల మధ్య రవాణా, కాబట్టి విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ ఆన్‌లైన్ పత్రం) ఉండాలి. అమ్మకం కాదు గనుక డెలివరీ చలాన్ మీద వస్తుంది. 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన దీనికి రెండు రోజుల గడువు. హబ్‌లో బండి మారితే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త నంబరు ఎక్కించాలి. గుంటూరు బండి ఆగిపోయేది ఎక్కువగా ఈ చిన్న పని మరిచినప్పుడే. బ్లైండెడ్ ట్రయల్ అయితే ప్యాకింగ్ లిస్టులో కిట్ నంబర్లే ఉండాలి, ఏది మందో ఏది ప్లాసిబోనో (మందు లేని ఉత్తుత్తి డోసో) పొరపాటున కూడా కనిపించకూడదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం లేబుల్ మీద మందు పేరు లేదా కోడ్, బ్యాచ్, తయారీ తేదీ, గడువు, నిల్వ పరిస్థితి, ట్రయల్ జరిగే సంస్థ, తయారీదారు వివరాలు కనిపించాలి. ఒక కిట్ తీసి చూస్తే నిమిషం పని.

తిరుగు సరుకు దగ్గర మాత్రం సర్వీసు బలహీనం. ఖాళీ వ్యాక్యూమ్ పెట్టెల కోసం రెండు మూడుసార్లు ఫోన్ చేయిస్తారు, ఈలోగా అవి ఫార్మసీ గదిలో సగం చోటు తినేస్తాయి. పికప్ తేదీ డెలివరీ రోజునే రాయించుకోండి. వాడని కిట్లను లెక్క తేలి, మానిటర్ సంతకం పడకముందు ఎట్టి పరిస్థితుల్లోనూ కొరియర్‌కు ఇవ్వొద్దు. సైట్‌లోనే ధ్వంసం చేయమని స్పాన్సర్ రాసిస్తే అవి 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల కింద పసుపు సంచీలో వెళ్లాలి. క్యాన్సర్ మందులైతే అదే సంచీ అని కలిపేయకుండా సైటోటాక్సిక్ (కణాలకు హాని చేసేది) గుర్తుతో విడిగా కట్టాలి, తీసుకెళ్లినవాళ్ల రసీదు ట్రయల్ ఫైల్లో చేరాలి.