నోడ్ స్ట్రీమ్స్: 512 ఎంబీ సర్వర్ మీద ఆరు నెలలు వాడాక

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి. ఇక్కడ ఒక లారీల ఓనరుగారికి నోడ్‌లో (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాముల్ని సర్వర్ మీద నడిపేది) సాఫ్ట్‌వేర్ పని చేసిపెడుతుంటాను. ఇరవై లారీలు, పది సెకన్లకోసారి ఒక్కోటి ఎక్కడుందో జీపీఎస్ రాసుకుంటూ పోతుంది, అంటే లారీకి రోజుకి 8,640 వరుసలు, నెల తిరిగేసరికి యాభై లక్షలు దాటి సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన వరుసలుండేది) 600 ఎంబీకి వస్తుంది. సర్వరేమో 512 ఎంబీ మెమరీది. పెద్దది తీసుకుందామంటే "డీజిల్‌కే చాలట్లేదు బాబూ" అంటారు. మొదట్లో రీడ్‌ఫైల్‌తో మొత్తం ఒకేసారి చదివించాను, రిపోర్టు బటన్ నొక్కడం ఆలస్యం, ప్రాసెస్ చచ్చిపోయేది.

స్ట్రీమ్‌కి, అంటే ఫైలుని ముక్కముక్కగా చదివే పద్ధతికి మార్చాక ఆ గొడవ లేదు. క్రియేట్‌రీడ్‌స్ట్రీమ్ అనే ఫంక్షన్ 64 కేబీ ముక్కలుగా చదివి ఇస్తుంది, అయిన ముక్కని వదిలేస్తాం, ఫైలు ఎంత పెరిగినా మెమరీ అక్కడక్కడే. నాకు బాగా నచ్చింది బ్యాక్‌ప్రెషర్. రైస్ మిల్లులో హాపర్ (వడ్లు పోసే గరాటు) నిండితే బస్తా విప్పడం ఆపుతాం కదా, అదే. అవతలివాడు అందుకోలేకపోతే రైట్ (write, అవతలికి రాసే ఫంక్షన్) "ఫాల్స్" అని చెబుతుంది, ఖాళీ అయ్యాక డ్రెయిన్ ఈవెంట్ వస్తుంది, అప్పుడు మళ్ళీ పోయాలి. ఆ ఫాల్స్‌ని పట్టించుకోకుండా పోస్తూనే ఉంటే అదేం ఆపదు, మెమరీలో కుప్ప పోసుకుంటుంది, మళ్ళీ మొదటికే.

ఇక దెబ్బలు. మొదటి నెల రిపోర్టు చూసి ఓనరుగారు ఫోను: "ఏటి బాబూ, పాతపట్నం ఇలాగైపోయిందేటి?" చూస్తే "పా" తర్వాత "త" లేదు, దాని చోట రెండో మూడో నల్ల డైమండ్లు, వాటిలో ప్రశ్నార్థకాలు. అన్ని వరుసల్లో కాదు, ఎక్కడో ఒకటి. డేటానే పాడైందనుకుని రెండు రోజులు వెతికాను. తీరా చూస్తే యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) మన తెలుగు అక్షరమైనా గుణింతం గుర్తైనా ఒక్కోటి మూడు బైట్లు, ఒడియా కూడా అంతే. 64 కేబీ అంటే 65,536 బైట్లు, కోత అక్షరం మధ్యలో పడితే ఒక బైటు ఈ ముక్కలో, రెండు తర్వాతి ముక్కలో. నేనేమో ప్రతి ముక్కనీ విడిగా టూస్ట్రింగ్ (బైట్లని అక్షరాలుగా మార్చడం) చేస్తున్నాను. సెట్‌ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఒక్క లైను పెడితే తెగిన బైట్లని దాచి తర్వాతి ముక్కతో కలుపుతుంది. ఇంగ్లీషు డేటాతో టెస్ట్ చేస్తే ఈ తప్పు జన్మలో దొరకదు.

రెండోది పైప్, అంటే చదివే స్ట్రీమ్‌ని రాసే స్ట్రీమ్‌కి కలిపేది. ఫైలు డౌన్‌లోడ్ అవుతుండగా అవతల ఫోన్లో సిగ్నల్ పోతే (మా కొండ దారుల్లో సిగ్నల్ సంగతి తెలిసిందే) ఇటు తెరిచిన ఫైలుని పైప్ మూయదు. అలా పోగై పోగై ఒకరోజు "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అని సర్వర్ కూర్చుండిపోయింది. 2018లో నోడ్ 10తో వచ్చిన పైప్‌లైన్ వాడితే ఒకటి తెగితే అన్నిటినీ మూసేస్తుంది, ఎర్రర్ కూడా ఒకేచోట పట్టుకోవచ్చు. ఇది ఉండగా పాత పైప్‌ని ఇంకా ప్రతి పాఠంలోనూ ముందు ఎందుకు నేర్పుతారో నాకు అర్థం కాదు.

ఒకే పనికి ఈవెంట్లు, పైప్, ఫర్ అవెయిట్ (ముక్కల్ని లూప్‌లో ఒక్కోటిగా అందుకోవడం) అని మూడు దారులుండటం కూడా కొత్తవాళ్ళకి టెన్షనే, నేనైతే ఫర్ అవెయిట్‌నే ఖాయం చేసుకున్నాను.

ఐదుకి నాలుగు స్టార్లిస్తాను, కోసినది పైప్‌కి. మీ ఫైలు పది ఎంబీ లోపైతే మాత్రం రీడ్‌ఫైల్‌తో కానిచ్చేయండి, దీని జోలికి రావక్కర్లేదు.